మాటపై నిలిచిన రేవు

తూర్పు సముద్రతీరము వెంట కొంతదూరమైనను కాలినడకను సాగినవారికి ఒక సత్యము తేటపడును: ఈ తీరమున ప్రకృతి ఓడలకు ఆశ్రయము కల్పించి పెట్టలేదు. పడమటి తీరమున కొండలు కడలిలోనికి చొచ్చి, ఉప్పుటేరులు లోతుగా లోపలికి నడచి, నావలు తలదాచుకొనుటకు అక్కడక్కడ చాటైన మూలలు ఏర్పడినవి. మన తీరమునందో, విశాఖపట్టణము వంటి అరుదైన చోట్లను విడిచినచో, నేల చదునుగా వచ్చి చదునుగానే నీటిలోనికి దిగిపోవును. కృష్ణయు గోదావరియు ఏటేట మోసుకొనివచ్చెడి ఒండ్రుమట్టి ఉన్న లోతును కూడ పూడ్చుచుండును. ఆశ్వయుజ కార్తికములందు లేచెడి వాయుగుండములు దిక్కులేని ఓడలను ఇసుకపైకి విసరివేయును. అందుచేతనే పూర్వము పెద్ద ఓడలు ఒడ్డునకు చాల దూరమున లంగరు దించి, సరకులను చిన్న పడవలకెక్కించి, విరిగిపడు కెరటముల మీదుగా తీరము చేర్చెడివి. ఇనుప మేకులతో బిగించిన పడవ ఆ తాకిడికి పగిలిపోవును గనుక, పలకలను కొబ్బరినార త్రాళ్ళతో కుట్టి, దెబ్బ తగిలినప్పుడు విరుగక కొంచెము వంగునట్లు పడవలు కట్టుటను ఈ తీరవాసులు నేర్చిరి. తరువాతి కాలపు యాత్రికులు మసూలా పడవలని వర్ణించినవి ఇవియే.

ఇట్టి తీరమునకు రెండువేల ఏండ్లుగా ఓడలు వచ్చుచునే యుండెను. శాతవాహన ప్రభువైన యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెములపై రెండు తెరచాప కొయ్యలుగల ఓడను ముద్రింపించెను. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఎఱ్ఱసముద్రపు వర్తకమార్గములను గూర్చి వ్రాసిన, పేరు తెలియని గ్రీకు రచయిత ఒకడు, ఈ ప్రాంతమున విరివిగా నేయబడు సన్నని నూలువస్త్రములను ప్రస్తావించెను. లోతు లేదు, చాటు లేదు, గాలికి అడ్డు లేదు. అయినను ఓడలు వచ్చినవి. దేనిని నమ్మి వచ్చినవి? సరకు కొరకు వచ్చినవనుట సగము సమాధానమే. సరకు ఎంత గొప్పదైనను, దానికై ప్రాణము నొడ్డి వచ్చువానికి, తాను దిగిన నేల తన్ను దోచుకొనదనెడి విశ్వాసము మొదట కలుగవలెను. ఆ విశ్వాసమును ఈ తీరము ఎట్లు కలిగించెనో తెలిసికొనవలెనను కోరిక నన్ను మోటుపల్లికి నడిపించినది.

చీరాల నుండి దక్షిణముగా పోవు త్రోవ తెలుగుదేశపు చరిత్రను నిశ్శబ్దముగా చెప్పుకొనిపోవు త్రోవ. మొదట నేతగాండ్ర పేటలు, వీధి అరుగులపై ఆసు పోయుచున్న స్త్రీలు, లోపలి నుండి వినవచ్చు మగ్గపు చప్పుడు; పిదప వేటపాలెము, అందు 1918లో నెలకొల్పబడి నేటికిని పాత పత్రికల సంచికలను పదిలముగా కాపాడుచున్న సారస్వత నికేతన గ్రంథాలయము; అది దాటినచో జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు; చినగంజాము సమీపించిన కొలది ఉప్పు కొటారులు, చిన్న చిన్న మడులలో ఎండకు ఇంకిపోవుచున్న సముద్రజలము, గట్ల మీద పోసిన తెల్లని రాసులు. గాలిలో ఉప్పు వాసన చిక్కనైన వేళకు మోటుపల్లి వచ్చును. నేటి బాపట్ల జిల్లాలో ఇది ఒక చిన్న గ్రామము. దీపస్తంభము లేదు, ఓడలను కట్టెడి రాతిగట్టు లేదు, సుంకపు కచ్చేరి శిథిలములు లేవు, కోట గోడ లేదు, బురుజు లేదు. చరిత్ర పుస్తకములలో కాకతీయుల ముఖ్యమైన ఓడరేవుగా చదివిన పేరును నెమరు వేసికొనుచు వచ్చినవానికి, కంటికి కనబడునది ఒక సాధారణమైన తీరగ్రామమును, రెండు పాత దేవాలయములును మాత్రమే. ఒకటి వీరభద్రునిది, రెండవది కోదండరామునిది.

కాని మోటుపల్లి తన వైభవమునంతయు దాచుకొన్నది ఆ వీరభద్రాలయపు శిలాస్తంభమునందు. కాకతి గణపతిదేవ చక్రవర్తి శకవర్షము 1166లో, అనగా క్రీస్తుశకము 1244-45లో, వేయించిన శాసనము దానిపై కలదు. దీనినే మనవారు మోటుపల్లి అభయశాసనమని వ్యవహరింతురు. దగ్గరకు పోయి చూచినచో, అక్షరములు చిన్నవి, గుండ్రనివి, ఒకదాని నొకటి ఒరసికొనునట్లు వరుసలు తీరియున్నవి. కొన్ని అక్షరముల వంపులను మాత్రమే నా కన్ను గుర్తుపట్టగలిగినది. మిగిలినవానిని పండితులు చదివి అచ్చువేసిన పాఠము సాయముతో ఊహించుకొంటిని. కన్ను ఓడిపోయిన చోట వ్రేలు కొంత సాయపడును. రాతిపై మెల్లగా తడిమినచో ఉలి దిగిన గుంట చర్మమునకు తెలియును. సుమారు ఎనిమిది శతాబ్దముల ఉప్పుగాలి తరువాత కూడ ఆ గుంట తెలియుచున్నదనిన, చెక్కినవాడు ఎంత శ్రద్ధతో చెక్కెనో, చెక్కించినవాడు దీనిని ఎంతకాలము నిలుపవలెనని తలచెనో భావింపవచ్చును.

ఆ శాసనము చెప్పునదేమి? దాని సారాంశమిది. ఒక దేశము నుండి వేరొక దేశమునకు బయలుదేరిన ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డునకు కొట్టుకొనివచ్చినప్పుడు, అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నాదికములను పూర్వపు రాజులు బలాత్కారముగా తీసికొనుచుండిరి. ధనము ప్రాణముకంటెను గొప్పదని తలంచి సముద్రయానమనెడి మహాసాహసమునకు పూనుకొన్న వర్తకులయెడ దయ కలిగి, కీర్తికొరకును ధర్మముకొరకును, నియమితమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచిపెట్టుచున్నామని గణపతిదేవుడు ప్రకటించెను. ఎగుమతి కానిండు, దిగుమతి కానిండు, ముప్పదింట ఒక పాలు సుంకము. ఆ తరువాత ఏ వస్తువుకు ఎంత చెల్లింపవలెనో విడివిడిగా పేర్కొనబడినది: చందనము, కర్పూరము, చీని కర్పూరము, పన్నీరు, ఏనుగు దంతము, జవ్వాది, ముత్యములు, పగడములు, రాగి, తగరము, సీసము, పట్టు, మిరియములు, పోకలు. అధికారి ఇష్టానుసారముగా అడుగుటకు వీలులేకుండ, నూతనముగా వచ్చిన పరదేశి కూడ మోసపోకుండ, ధరలపట్టిక దేవుని సన్నిధిలో రాతిపైకి ఎక్కినది.

రాజశాసనములను కొంత చదివినవారికి ఇందలి ఒక విశేషము వెంటనే తోచును. మన శాసనములలో రాజులు తమ పూర్వులను పొగడుకొందురు. శత్రువుల శిరస్సులను తన్నినట్లు, సముద్రములను కలచినట్లు వర్ణించుకొందురు. పూర్వపు రాజులు చేసినది అన్యాయమని, తాము దానిని మానుచున్నామని ఒక చక్రవర్తి బహిరంగముగా రాతిపై వ్రాయించుట అరుదైన సంగతి. విరిగిన ఓడ సరకు తీరప్రభువునకు చెందుననుట ఆ కాలమున అనేక దేశములందు చెల్లుబడియైన ఆచారము. మార్కోపోలో మలబారు తీరమునందలి ఏలిరాజ్యమును గూర్చి వ్రాయుచు, వేరొక రేవునకు పోవలసిన ఓడ దారితప్పి అచ్చట లంగరు దించినచో, దైవమే నిన్ను మా కొరకు పంపెనని చెప్పి దానిని కొల్లగొట్టుదురని తెలిపెను. దైవము పేరు చెప్పి దోచుకొనుట ఒక పద్ధతి. దైవము ఎదుట నిలిచి దోచుకొననని మాట ఇచ్చుట వేరొక పద్ధతి. రెండు పద్ధతులకును సముద్రము ఒకటే, గాలివాన ఒకటే, ఒడ్డున పడిన మనుష్యుడొకడే. మారినది ఒడ్డున నిలిచినవాని బుద్ధి మాత్రమే.

దానములన్నిటిలో అభయదానము గొప్పదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. మన దేవతామూర్తుల కుడిచేయి ఎత్తియుండుట ఆ దానమునకే గుర్తు. ఆ చేతిలో వస్తువేదియు లేదు. అయినను దానిని చూచి భక్తుడు తృప్తిపడును, ఏలనన భయము తొలగినవాడు తనకు కావలసినదానిని తానే సంపాదించుకొనగలడు. రామాయణమున శ్రీరాముడు విభీషణునకు అభయమిచ్చినది అయోధ్యలోని కొలువులో కాదు, సముద్రపుటొడ్డున. ఇసుక మీద నిలిచి, ఆకాశమార్గమున వచ్చిన శత్రువు తమ్ముని గూర్చి తనవారిలో పలువురు శంకించుచుండగా ఇచ్చెను. మోటుపల్లిలో కోదండరామాలయమును దర్శించినప్పుడు ఈ ప్రసంగము నా మనస్సున మెదలినది. కొత్తవాడు ఎవడో, ఏ ఉద్దేశముతో వచ్చెనో, నమ్మదగినవాడో కాడో అనెడి తర్కము ప్రతి ఒడ్డునను పుట్టును. తర్కము ముగిసిన పిదప అభయమిత్తమనుకొన్నవాడు ఎన్నడును ఈయలేడు. మాట ముందు ఇచ్చినవానికే మనుష్యుడు అర్థమగును.

గణపతిదేవుని దయాగుణమును కొనియాడినంత మాత్రమున ఆయన ప్రజ్ఞను మరువరాదు. ఆయన 1199 నుండి అరువది ఏండ్లకు పైబడి రాజ్యము చేసిన దక్షుడు. ఓరుగంటి వంటి లోనాటి రాజధాని నుండి బయలుదేరి, వెలనాటిని వశపరచుకొని, కృష్ణా ముఖమునందలి దివిసీమను జయించి, సముద్రతీరమునకు తన ఏలుబడిని తెచ్చినవాడు. ఆయన లెక్కను మనము కూడ ఒకమారు వేసి చూడవచ్చును. ఒక విరిగిన ఓడను కొల్లగొట్టినచో దాని సరకంతయు ఒక్కసారికి చేజిక్కును. ముప్పదింట ఒక పాలు చొప్పున ముప్పది ఓడల సుంకము కూడినచో అంతే విలువ వచ్చును. మొదటిదానిలో ఆ ఓడ వార్త విన్న తక్కిన ఇరువదితొమ్మిదియు మరల ఆ రేవు ముఖము చూడవు. రెండవదానిలో ముప్పదియు మరుసటి ఋతుపవనమునకు తిరిగివచ్చును, వెంట మరికొన్నిటిని తెచ్చును. ధర్మమునకును లాభమునకును వైరమున్నదనుకొనువారు ఈ చిన్న గణితమును శ్రద్ధగా పరిశీలింపవలెను. కీర్తికొరకును ధర్మముకొరకును అని శాసనమున చెప్పుకొన్న ప్రభువు ధనాగారమును మరచినవాడు కాడు. నిలకడగల ఆదాయము నమ్మకమనెడి నేలయందే పండునని ఎరిగినవాడు.

ఆ మాట ఊరక పోలేదు. గణపతిదేవుని అనంతరము ఆయన కుమార్తె రుద్రమదేవి సింహాసనమెక్కెను. 13వ శతాబ్ది చివరి భాగమున ఈ తీరమును గూర్చి వ్రాసిన మార్కోపోలో దేశమునకే మోటుపల్లి పేరు పెట్టి ముట్ఫిలి రాజ్యమని పిలిచెను. రుద్రమదేవి గణపతిదేవుని భార్యయని పొరబడినను, ఆ రాణి న్యాయమును, శాంతిని ప్రేమించినదని, ప్రజలు ఆమెను మిక్కిలి గౌరవించిరని తెలిపెను. అచ్చట నేయబడు వస్త్రములు సాలెగూడు దారములవలె సన్నవని, రాజులు రాణులు సైతము వానిని ధరించుటకు మురిసిపోవుదురని వ్రాసెను. ఒక దేశపు పేరు విదేశీయుని నోట దాని రాజధాని పేరుతో గాక రేవు పేరుతో పలుకబడినదనిన, పరదేశములకు ఓరుగల్లు కంటె ముందు మోటుపల్లి తెలిసియుండెనన్నమాట. వచ్చినవారు మొదట చూచునది రేవునే. ఆ రేవునందు తమకు జరిగిన మర్యాదయే వారి దృష్టిలో ఆ దేశము.

ఆ నేత వారసత్వము ఈనాటికిని చీరాల వీధులలో కలదు. ఒకప్పుడు ఇచ్చట తయారై ఆరబు దేశములకును, ఆఫ్రికా తీరమునకును ఎగుమతియైన తేలియా రుమాలును గూర్చి ఒక వృద్ధ నేతగాని నోట వినుట నాకు తటస్థించినది. ఆముదపు కాయల డొప్పలను కాల్చిన బూడిదను నీటిలో కలిపి, తేర్చి, అందు నూనె చేర్చి, ఆ ద్రవములో నూలును ప్రతిదినము పిసికి ఆరవేయుదురు. పిసుకుట, ఆరవేయుట పక్షము దినములకు పైగా సాగును. అట్లు నూనె త్రాగిన నూలు మాత్రమే ఎఱ్ఱరంగును లోలోపలికి పీల్చుకొనగలదు. పిదప కొలత ప్రకారము నూలును కట్టి, రంగులో ముంచి, కట్టు విప్పి, మరల వేరొక చోట కట్టి, ఎఱుపు నలుపు తెలుపుల లెక్క మగ్గము మీద సరిగా కలియునట్లు నేయుదురు. "నూలు ఓర్చుకుంటేనే రంగు నిలుస్తుందండీ. తొందరపడితే మొదటి ఉతుకులోనే పోతుంది," అని ఆయన చెప్పెను. ఆ వస్త్రమును తలకు చుట్టుకొన్న దూరదేశపు నావికునికి చీరాల పేరు తెలిసియుండకపోవచ్చును. ఎండలో చల్లగానుండెడి ఆ గుడ్డను నమ్మదగిన గుడ్డయని మాత్రము తెలియును. రాజు ఇచ్చిన మాటను నేతగాడు కూడ తన పనిలో నిలబెట్టుకొన్నాడు గనుకనే ఓడలు మరల మరల వచ్చినవి. ఆ పనితనము చీరాలలో అంతరించినంత పనియై, నల్లగొండ సీమలోని పుట్టపాక నేతగాండ్ర చేతులలో బ్రతికి, 2020లో భౌగోళిక గుర్తింపు పొందినది.

అయితే, రాతిపై చెక్కినంత మాత్రమున మాట శాశ్వతము కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయెను, రాజ్యము ఛిన్నాభిన్నమయ్యెను, రక్షించు ప్రభువు లేని రేవునకు వర్తకుడు రాడు. ఆ పిమ్మట రెడ్డిరాజులు తలయెత్తి అద్దంకి కొండవీడులను ఏలునప్పుడు, అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లియందు మరల ఒక శాసనము వేయించెను. వచ్చి నివసింపగోరు వర్తకులకు నేలయు ఇండ్లును ఇత్తుమని, పోవలెనన్నవారిని ఆపమని, సరకును తమకు నచ్చినవారికి అమ్ముకొనవచ్చునని, బలవంతముగా లాగుకొనబోమని, సంతానము లేక మరణించిన వర్తకుని ఆస్తిని రాజు స్వాధీనపరచుకొను ఆచారమును విడిచితిమని అందు చాటించెను. ఇందలి ఒక్కొక్క వాక్యము వెనుక ఎందరి కన్నీరు ఉండెనో మనము ఊహింపవచ్చును. పరదేశమున మరణించిన ఒంటరివాని పెట్టెను ఎవరు తెరతురు? తిరిగి పోవలెనన్నవాని కాలికి ఎవరు అడ్డుపడుదురు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పిన పిదపనే రేవు మరల రేవయినది. శ్రీనాథ మహాకవి హరవిలాసమును అంకితమొందిన అవచి తిప్పయసెట్టి ఈ పునరుద్ధరణ తరువాతి తరము వర్తకుడు. సింహళపు ఏనుగులు, హురుమంజి గుఱ్ఱములు, చీనా పట్టు, మేలిజాతి కర్పూరము ఓడలపై తెప్పించినవాడు. ఒక వర్తకుడు కావ్యమునకు కృతిభర్త కాగలుగుటకు ముందు, ఒక ప్రభువు అభయశాసనము కావలసివచ్చినది. రెండు శాసనములకు నడుమ నున్న అంతరము 114 సంవత్సరములు. అభయమును ఒక తరము ఇచ్చినచో చాలదు, ప్రతి తరమును మరల ఈయవలెననుటకు అవియే సాక్ష్యము.

దేవాలయము విడిచి, ఇసుకదారి పట్టి, సముద్రము వద్దకు పోయితిని. ఒడ్డుకు లాగిపెట్టిన ఫైబరు పడవలు, వాని ప్రక్కన ఆరవేసిన నీలిరంగు వలలు, వలకంతలు బాగుచేసికొనుచున్న పల్లెకారులు. వారిలో ఒక వయసు మళ్ళినవాని ప్రక్కన కూర్చుండి, "పెద్దాయనా, వేరే ఊరి పడవ గాలికి కొట్టుకొచ్చి మీ ఒడ్డున పడితే ఏం చేస్తారు?" అని అడిగితిని. ఆయన చేతిపని ఆపకయే చెప్పెను: "ఏం చేస్తాం బాబూ, పైకి లాగి కట్టేస్తాం. మనుషులుంటే ముందు కాస్త గంజి తాగిస్తాం. ఆ ఊరికి కబురు పెడతాం. సంద్రానికి మీ ఊరు, మా ఊరు అని ఏముంటది? ఇయ్యాల వాళ్ళ పడవ, రేపు మాది." చక్రవర్తి పండితులచేత వ్రాయించి స్తంభముపై ఎక్కించిన ధర్మము ఈ మనుష్యునికి శాసనము లేకయే తెలిసియున్నది. రాజులు విరిగిన ఓడలను దోచుచుండిన కాలమున కూడ, ఒడ్డున నివసించు పల్లెకారులు ఈ మాటనే అనుకొనుచుండిరేమో. ప్రజల నిత్యధర్మమును ఒకనాటికి రాజధర్మముగా అంగీకరించుటయే గణపతిదేవుని ఘనత యేమో అని నాకు తోచినది.

మోటుపల్లి క్రమముగా వెనుకపడగా, ఈ తీరపు వర్తకమంతయు మచిలీబందరునకు చేరినది. గోల్కొండ సుల్తానుల కాలమున అచ్చటి నుండి పెగూ, అచీన్, పారసీక, ఆరబు దేశములకు ఓడలు నడచినవి. 17వ శతాబ్ది ప్రారంభమున వలందేజీలు (డచ్చివారు), 1611లో ఆంగ్లేయులు, ఆపై పరాసులు (ఫ్రెంచివారు) వచ్చి కొఠీలు కట్టుకొనిరి. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అనెడి పేటలు నేటికిని ఆ ఊరిలో కలవు. అయితే ఈ కొత్త అతిథులు ఒడ్డువారి మాటను నమ్ముటతో తృప్తినొందలేదు. వారికి గోడ కావలెను, గోడమీద ఫిరంగి కావలెను. బందరు కోట ఒకరి చేతి నుండి ఒకరి చేతికి మారినది. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు రాత్రివేళ దాడి చేసి పరాసుల నుండి దానిని పట్టుకొనెను, దానితో ఉత్తర సర్కారుల భవిష్యత్తే మారిపోయినది. ఆపై 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన సుమారు ముప్పదివేల ప్రాణములను హరించినది. రేవులు నశించుటకు కారణములు అనేకములు. ఒండ్రు పూడుట, రాజ్యములు మారుట, వర్తకము వేరొక తీరమునకు తరలుట, అన్నియు నిజమే. కాని కోటగల రేవును, శాసనముగల రేవును చూచినవానికి ఒక భేదము మాత్రము స్పష్టమగును. కోట తనలోనివారిని బయటివారి నుండి కాపాడుటకు కట్టినది; శాసనము బయటివారిని తననుండియే కాపాడుటకు వేసినది. తన బలమునకు తానే హద్దు గీచికొనుట నాగరికతకు మేలైన గుర్తని నేను నమ్ముదును.

ఈ ధర్మము మన తీరమునకు మాత్రమే పరిమితమైనది కాదు. 1442లో మలబారు తీరమునందలి కళ్ళికోటకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, ఇతర రేవులలో దారితప్పిన ఓడను దైవమిచ్చినదని చెప్పి దోచుకొందురని, కళ్ళికోటలో మాత్రము ఏ ఓడ ఎక్కడనుండి వచ్చినను, ఎక్కడికి పోవుచున్నను తక్కిన ఓడలతో సమానముగా చూతురని వ్రాసెను. లోతైన నీరు గల రేవులు ఆ తీరమున అనేకము ఉండగా, ఆ యాత్రికుని మనస్సున నిలిచినది ఈ ఒక్క గుణమే. రేవునకు నిజమైన లోతు అదియే. ఒండ్రు పూడినచో త్రవ్వవచ్చును, గట్టు కూలినచో కట్టవచ్చును. నమ్మకము పూడినచో దానిని త్రవ్వి తీయగల యంత్రము లేదు.

నేడు మన తీరమున కొత్త ఓడరేవులకు పునాదులు పడుచున్నవి. 2023లో మచిలీపట్నము చేరువ తపసిపూడి వద్ద శంకుస్థాపన జరిగినది. సముద్రగర్భమును యంత్రములతో లోతుచేసి, రాతిగోడలతో కెరటములను ఆపి, ప్రకృతి ఈయని ఆశ్రయమును మనుష్యుడు నిర్మించుకొనుచున్నాడు. ఇది సంతోషింపదగినదే. కాని ప్రాచీన రేవుపట్టణములను మనము దర్శించునప్పుడు, అచ్చట రాళ్ళను లెక్కించి, ఛాయాచిత్రములు తీసికొని, వైభవము పోయెనే అని నిట్టూర్చి వచ్చుటతో మన ఋణము తీరదు. శిథిలములను కాపాడుట ప్రభుత్వ శాఖలకు అప్పగింపవచ్చును. మోటుపల్లి స్తంభమునకు నీడయు, దానిలోని విషయమును బాటసారికి తెలియునట్లు చెప్పు ఫలకమును, చుట్టుప్రక్కల పాఠశాలల పిల్లలకు దానిని చూపించు ఏర్పాటును ఉండవలెనని కోరుట మన హక్కు. ఆ స్తంభముపై నున్న మాటను కాపాడుటను మాత్రము ఏ శాఖకును అప్పగింపలేము.

ఏలనన, ధనము ప్రాణముకంటె గొప్పదని తలంచి సముద్రములు దాటువారు నేడు మన ఇండ్లనుండియే బయలుదేరుచున్నారు. కరీంనగరము నుండి, నిజామాబాదు నుండి, కడప నుండి, గోదావరి జిల్లాల నుండి ఎందరో గల్ఫు దేశములకు పోయి, ఎండలో కట్టడములు కట్టుచు, ఇతరుల ఇండ్లలో వంటలు చేయుచు, నెలనెలకు ఇంటికి డబ్బు పంపుచున్నారు. కొందరి పాసుపోర్టులు యజమాని పెట్టెలో చిక్కుకొనును. కొందరికి తిరుగుదారి మూసికొనిపోవును. కొందరి శవపేటికలు మాత్రమే విమానాశ్రయమునకు చేరును. పోవలెనన్నవారిని ఆపబోమని, మరణించినవాని సొత్తును లాగుకొనమని అనపోతారెడ్డి చెక్కించిన వాక్యములు ఆ తల్లులకు, ఆ భార్యలకు చదివి వినిపించినచో, అవి ఆరున్నర శతాబ్దముల నాటివని వారు నమ్మరు. తమ వారు దిగిన ఒడ్డున నేడు ఎవరైన ఆ మాట ఈయవలెనని వారి హృదయములు కోరుచున్నవి.

అట్లే, మన ఒడ్డునకు చేరుకొన్నవారును కలరు. ఒడిశా నుండి వచ్చి మన ఇటుక బట్టీలలో కుటుంబములతో పనిచేయువారు, బీహారు నుండి వచ్చి మన నగరములలో అంతస్తుల మీద అంతస్తులు లేపువారు, వీరందరును సాహసముచేసి బయలుదేరిన యాత్రికులే. 2020 వేసవిలో మహమ్మారి వలన పనులు ఆగి, రైళ్ళు ఆగి, వీరు పిల్లలను భుజములకెత్తుకొని జాతీయ రహదారుల వెంట నడచిపోయినప్పుడు, నేల మీదనే ఓడలు పగిలినవి. ఆనాడు అద్దె చెల్లింపలేదని తలుపు మూసినవారును మనలో ఉండిరి. రోడ్డు ప్రక్కన పందిరి వేసి, మజ్జిగ పోసి, అన్నము పెట్టి, చెప్పులు లేని కాళ్ళకు చెప్పులిచ్చినవారును మనలోనే ఉండిరి. పూర్వపు రాజుల ఆచారమును, గణపతిదేవుని ఆచారమును ఒకే దారిమీద ప్రక్కప్రక్కన కనబడిన దినములవి. ఏది మన వారసత్వమో నిర్ణయించుకొను భారము మనపైననే ఉన్నది, ఏలనన చరిత్రలో రెండును కలవు.

నామట్టుకు నేను నిర్ణయించుకొంటిని. నా వారసత్వము కొల్లగొట్టిన ఒడ్డు కాదు, మాట ఇచ్చిన ఒడ్డు. ఆ మాట మోటుపల్లి రాతికి మాత్రమే కాదు, మన బస్సు నిలయములకు, ఆసుపత్రి వరండాలకు, కచ్చేరి కిటికీలకు, అద్దె ఇండ్ల గుమ్మములకు చెందినది. తెలియని ముఖము, తెలియని భాష, నష్టపడిన మనుష్యుడు ఎదుట నిలిచిన ప్రతిచోటను ఒక రేవు ఏర్పడును, అచ్చట నిలిచిన ప్రతివాడును ఆ క్షణమునకు ఆ రేవునకు అధిపతి. మనవారికై పరతీరములనుండి ఏమి ఆశించుచున్నామో, మన తీరమునకు చేరినవారికి అది ముందుగా మనము ఈయవలెను. న్యాయమైన సుంకము తీసికొని తక్కినది వారికి విడిచిపెట్టగల జాతికి, కడలి ఎంత దూరము జరిగిపోయినను, రేవు లేకపోదు.